అలాస్కా ఓడలో మా అత్తగారు

అలాస్కా ఓడ ప్రయాణానికి పంపిస్తానని మా అమ్మాయి అన్నప్పుడు మా ఆయన అడిగిన మొదటి మాట "టిప్పులు ఎంతవుతాయి?" అని. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి మరి. ఇలాంటి ఓడల్లో మనిషికి రోజుకింత అని టిప్పు ముందే లెక్కగట్టి గది ఖాతాలో రాసేస్తారని ఎక్కడో చదివారు. "అంటే అక్కడ కనిపించే ప్రతి నవ్వుకూ మనం ముందే డబ్బు కట్టేసినట్టే" అని తేల్చేశారు. ఆ లెక్క పూర్తిగా తప్పని నేను అనను. ఓడ సిబ్బందికి మర్యాద ఉద్యోగంలో భాగమే. కానీ మాకు దారి పొడవునా అందిన సాయంలో చాలా భాగం జీతంతో, టిప్పుతో సంబంధం లేని మనుషుల నుంచి వచ్చింది. ఆయన దాన్ని ఏ పద్దులో రాయాలో తేలక సతమతమయ్యారు.

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. కాకినాడలో సముద్రం పక్కనే పుట్టి పెరిగారు గానీ ఓడ ఎక్కలేదు. మునిమనవరాలిని చూడాలని మాతో సియాటెల్ వచ్చారు. పసిపాపకు ఆరు నెలలు నిండితే గాని ఓడ ఎక్కనివ్వరట. కాబట్టి అమ్మాయి, అల్లుడు వచ్చే వీలు లేదు. ఈలోగా వియ్యాలవారు కూడా దిగడంతో ఇల్లు ఇరుకై, మా ముగ్గురినీ సముద్రం మీదికి పంపే ఏర్పాటు జరిగింది.

వెళ్లాలనుకునేవారికి ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఓడ సియాటెల్‌లో బయల్దేరి మళ్లీ సియాటెల్‌కే వస్తుంది. మధ్యలో చూసే అలాస్కా కూడా అమెరికాదే. అయినా మన పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా తప్పనిసరి. 1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం, వేరే దేశంలో రిజిస్టరైన ఓడ ప్రయాణికులను అమెరికా రేవులో ఎక్కించుకుని తిప్పి తిరిగి అదే రేవులో దింపాలంటే మధ్యలో ఏదో ఒక విదేశీ రేవును తాకాలి. పెద్ద ఓడలన్నీ దాదాపు బహామాస్, బెర్ముడా, పనామా లాంటి చోట్ల రిజిస్టరైనవే. అందుకే తిరుగు ప్రయాణంలో ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. ఆ కొన్ని గంటల కోసం మేం హైదరాబాద్‌లో వేలిముద్రలిచ్చి వీసా తెచ్చుకున్నాం. ఆ ఖర్చు మా ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

సియాటెల్ రేవులో జనం బారులు తీరి ఉన్నారు. అత్తగారి కోసం అమ్మాయి మడత వీల్‌చైర్ ఒకటి కొంది. రేవులో ఇచ్చే వీల్‌చైర్లు ఓడ ఎక్కించడానికే తప్ప ప్రయాణమంతా ఇవ్వరు. ఆ కొత్త కుర్చీ అట్టపెట్టెలోంచి తీశాక దాని పాదాల పలకలు ఎలా బిగించాలో తెలియక ఈయన కుస్తీ పడుతుంటే, అత్తగారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. మా వెనక ఎర్ర కోటు వేసుకున్న ఒక పెద్దావిడ తన నడక బండి ముందుకు తోసింది. నాలుగు చక్రాలు, మధ్యలో చిన్న పీట ఉండే రకం. రెండు బ్రేకులూ కిందికి నొక్కి, అవి పట్టాయో లేదో బండిని ఒకసారి కుదిపి చూసి, పీట మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. "మీకు అవసరం కదండీ" అన్నాను. తన రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయిందనీ, ఇప్పుడు నిలబడటం కన్నా కూర్చుని లేవడమే కష్టమనీ చెప్పి మా పక్కనే నిలబడింది. కుర్చీ బిగింపు అయ్యేవరకూ తన వంతు పోగొట్టుకుని మాతోనే ఉంది.

ఓడ కదిలినప్పుడు అంతా బాగానే ఉంది. రాత్రికి జలసంధి దాటి బయటి సముద్రంలోకి వచ్చింది. వాంకూవర్ దీవికి పడమటి వైపు పసిఫిక్ మీదుగా దారి. దీవుల చాటుకు చేరేవరకు ఊపు తప్పదు. బీరువాలో హ్యాంగర్లు ఒకదానికొకటి కొట్టుకోవడం మొదలైన కాసేపటికి అత్తగారికి వాంతులు పట్టుకున్నాయి. మింగిన గుక్కెడు నీళ్లు కూడా నిలవలేదు. అర్ధరాత్రి దాటాక పెదాలు ఎండిపోయి, మాట సన్నబడింది. తువ్వాళ్ల కోసం వరండాలోకి వచ్చి అటూ ఇటూ చూస్తున్నాను. అప్పుడే ఎదురు గదిలోకి వెళ్లబోతున్న ఒకావిడ నా మొహం చూసి ఆగింది. కెనడాలోని సస్కాచెవాన్ నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సు ఆవిడ.

ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "జ్వరం ఉందా? విరేచనాలు అవుతున్నాయా? మీ ముగ్గురిలో ఇంకెవరికైనా ఉందా?" అని మూడు ప్రశ్నలు అడిగింది. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అంటుకుంటే ఊరికే పోదు. అదే అయితే వెంటనే ఓడ వైద్యకేంద్రానికి చెప్పి, గది దాటకుండా ఉండాలి. మూడింటికీ లేదన్నాక, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి మంచం అంచున కూర్చుంది. అత్తగారి చేతి మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలి చూసింది. నాడి చూసింది. మాత్రల డబ్బా అడిగింది.

మా దగ్గర ఎలక్ట్రాల్ పొట్లాలున్నాయి. ఆవిడ పొట్లం వెనక రాసింది దీపం దగ్గర పెట్టుకుని చదివి, లీటరు నీళ్లకు ఒక పొట్లం అని చూసి, తన గదికి వెళ్లి లీటరు సీసా తెచ్చింది. నేను గ్లాసులో కొంచెం కలిపిస్తానంటే వద్దంది. ఆ కొలత కొలతగానే ఉండాలట. ఆ తర్వాత గ్లాసు పక్కన పెట్టి టీ చెంచా చేతిలోకి తీసుకుంది. ఐదు నిమిషాలకు ఒక చెంచా, అంతే. "దాహంగా ఉంది, ఇంకొంచెం పొయ్యమనవే" అని అత్తగారు నాతో అంటే, సంగతి అర్థమై గడియారం చూపించి తల అడ్డంగా ఊపింది. గ్లాసెడు ఒక్కసారి పోస్తే అదంతా తిరిగి బయటికే వస్తుందని నాకు చెప్పింది. ఐదు నిమిషాలయ్యాక గడియారం అద్దం మీద గోటితో టక్కుమని కొట్టేది. ఈవిడ పక్షిపిల్లలా నోరు తెరిచేవారు. మూడు గంటలు దాటేదాకా అలాగే సాగింది. నేను చేస్తానంటే, "మీరు పడుకోండి, రేపు పగలంతా మీ వంతే" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది, మాకు అసలు తట్టనిది. అత్తగారి బీపీ మాత్రలో ఒంట్లో నీరు తగ్గించే మందు కలిసి ఉంది. వాంతులతో నీరు పోయిన మనిషికి పొద్దున్నే అలవాటుగా ఆ మాత్ర వేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు, కిడ్నీలకూ మంచిది కాదు. "వేయాలా వద్దా అన్నది నేను చెప్పకూడదు. ఓడ డాక్టర్‌ను అడగకుండా మాత్రం వేయకండి" అని, ఎన్నిసార్లు వాంతి అయింది, ఎంత నీరు తాగారు, ఎప్పుడు మూత్రానికి లేచారు అన్నీ ఒక కాగితం మీద టైములతో సహా రాసి ఇచ్చింది. తెల్లవారాక ఓడ డాక్టర్ ఆ కాగితం చదివి, ఆ పూటకు మాత్ర ఆపమన్నారు. ఓడలో వైద్యం ఉచితం కాదు. ఆ ఖర్చు గది ఖాతాకు ఎక్కుతుంది. ఇన్సూరెన్స్ ఉంటే రసీదులు దాచుకుని తర్వాత మనమే రాబట్టుకోవాలి. మా అమ్మాయి పోరు పెట్టి చేయించిన ఇన్సూరెన్స్ అలా పనికొచ్చింది.

గదికి తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఒక పళ్లెంలో నాలుగు ఆకుపచ్చ ఆపిల్స్, ఉప్పు బిస్కెట్ల పొట్లాలు ఉన్నాయి. మేం అడగలేదు. గదులు సర్దే ఫిలిప్పీన్స్ అబ్బాయి పెట్టాడు. ఓడ ఊపుకు సిబ్బంది వాడే చిట్కా ఇదేనట. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు రోజులు లేవలేకపోతే, తోటి పనివాడు ఇలాగే ఆపిల్ ముక్కలు కోసి పెట్టాడట. వీళ్లు ఒకసారి ఓడ ఎక్కితే ఏడెనిమిది నెలలు ఇంటి మొహం చూడరు. వారానికి ఏడు రోజులూ పనే. ఆ అబ్బాయి కూతురు వయసు మా మనవరాలి వయసే. ఫోనులో చూపించాడు.

"ఆవిడకు ఎంత ఇవ్వాలంటావు?" అని మా ఆయన నన్ను చాటుగా అడిగారు. నర్సు గురించి. "అడిగి చూడండి, సస్కాచెవాన్ దాకా వినిపించేటట్టు తిడుతుంది" అన్నాను.

ఆ రోజు నుంచి అత్తగారు ఓడకు సొంత మనిషైపోయారు. భోజనాల దగ్గర కేరళ నుంచి వచ్చిన ఒక పర్యవేక్షకుడు, రేపు ఏం కావాలో ఇవాళ రాత్రికే చెప్పండి, వంటింట్లో మనవాళ్లున్నారు అన్నాడు. మర్నాడు చారన్నం వచ్చింది. మిరియాలు దంచి వేసిన నిఖార్సైన చారు. శాకాహారులు ఇది గుర్తుంచుకోవాలి, అడిగితే చేస్తారు, అడగకపోతే బ్రెడ్డు, అరటిపండ్లే గతి. "ఇది ఉద్యోగంలో భాగం" అని మా ఆయన లెక్కలో వేసుకున్నారు. పక్క బల్ల గుజరాతీ పెద్దావిడ తన సంచిలోంచి తీసి ఇచ్చిన మెంతికూర రొట్టెలు, వాళ్ల థేప్లాలు, మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

ఏనుగు సంగతి చెప్పకపోతే అత్తగారు ఊరుకోరు. రోజూ రాత్రి పక్క సర్ది తువ్వాలుతో ఏదో ఒక జంతువును చేసి పెట్టడం ఈ ఓడల్లో రివాజు. ఓ రాత్రి ఏనుగు వచ్చింది. అత్తగారు దానికి బొట్టు పెట్టి, కిటికీ వారగా కూర్చోబెట్టి, పొద్దున్నే స్నానం చేసి దండం పెట్టుకున్నారు. ఆ కుంకుమ మరక చూసి నేను భయపడ్డాను. ఆ అబ్బాయి మాత్రం ఆ తర్వాత కోతిని చేశాడు, కుక్కను చేశాడు, కుందేలును చేశాడు గానీ దిగేరోజు వరకూ ఆ ఏనుగు జోలికి వెళ్లలేదు. గది తుడిచేటప్పుడు దాన్ని రెండు చేతులతో ఎత్తి, తుడిచి, మళ్లీ అదే చోట పెట్టడం నేను కళ్లారా చూశాను.

కెచికాన్ అనే రేవు ఊళ్లో వానే వాన. అక్కడ ఏడాదికి దాదాపు 150 అంగుళాలు కురుస్తుందట, మన కాకినాడ వాన దాని ముందు చినుకు. ఒక కొట్టు యజమానురాలు ఏమీ కొనక్కర్లేదని చెప్పి, కుర్చీని లోపలికి లాగి, హీటర్ వైపు తిప్పి పెట్టింది. జూనో అలాస్కాకు రాజధాని, అయినా బయటినుంచి ఆ ఊరికి రోడ్డే లేదు. ఓడలోనో విమానంలోనో రావాలి. మెండెన్‌హాల్ హిమానీనదం చూడటానికి చదునైన బాట వేశారు కాబట్టి వీల్‌చైర్ దాదాపు నీటి ఒడ్డు దాకా వెళ్లింది. అక్కడ పెద్దగా చెప్పుకోవాల్సిన ఇబ్బందేమీ రాలేదు.

స్కాగ్వేలో రైలెక్కాం. 1898లో మొదలుపెట్టి 1900కల్లా వేసిన బుల్లి పట్టాల రైలు. 20 మైళ్లలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది. వెళ్లేటప్పుడు ఎడమ వైపే లోయ, జలపాతాలు. కుడి వైపు కూర్చుంటే కొండరాయి కనిపిస్తుంది. శిఖరం చేరాక అందరూ లేచి సీట్ల వీపులు అటు నుంచి ఇటు తిప్పి, ఎడమ వాళ్లు కుడికీ కుడి వాళ్లు ఎడమకూ మారాలి. అది అక్కడి పద్ధతి. మంచితనాన్ని ఇలా పద్ధతిగా పెట్టేస్తే ఎవరూ ఎవరికీ రుణపడక్కర్లేదని మా ఆయన ఎంత సంతోషించారో! ఆ దారిలోనే బంగారం కోసం ఎగబడిన కాలంలో చచ్చిపోయిన గుర్రాల గురించి రైలువాళ్లు చెప్పారు. ఒక్కొక్కరూ ఏడాదికి సరిపడా సామాను, సుమారు టన్ను బరువు, మోసుకొస్తే గాని కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదట. ఆ బరువు మోసి మోసి ఈ కనుమలో 3,000 గుర్రాలు చచ్చాయంటారు. నేను తెలుగులో చెబితే అత్తగారు, "ఆ బంగారం ఎవరికి దొరికిందిరా?" అని కొడుకును అడిగారు. చాలామందికి దొరకలేదమ్మా అన్నారు ఈయన.

అసలు సంగతి గ్లేషియర్ బే రోజున జరిగింది. పొద్దున్నే చిన్న పడవలో వచ్చిన పార్కు రేంజర్లు ఓడ ఎక్కారు. వాళ్లతోపాటు అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ తెగకు చెందిన ఒకావిడ కూడా వచ్చి, ఈ అఖాతం తమ పూర్వుల ఊరనీ, మంచు ముందుకు తోసుకొచ్చి తమవాళ్లు ఊళ్లు వదిలి పోవలసి వచ్చిందనీ మైకులో చెప్పింది. 1794లో ఇంగ్లీషు నావికులు వచ్చినప్పుడు ఇదంతా దాదాపు మంచే. ఇప్పుడు ఓడలు దాదాపు 65 మైళ్లు లోపలికి వెళ్తున్నాయి. రోజుకు రెండే పెద్ద ఓడలకు అనుమతి. ఆ చివరన మార్జెరీ హిమానీనదం, మైలు వెడల్పున, నీటిపైన సుమారు 250 అడుగుల ఎత్తున నీలం గోడలా నిలబడి ఉంటుంది.

ఓడలో ఉన్న జనమంతా కటకటాల దగ్గరే ఉన్నారు. నిలబడ్డవారికి గోడ కనిపిస్తుంది. కుర్చీలో ఉన్న మనిషికి కోట్లు, టోపీలు, నడుములు కనిపిస్తాయి. దూరం నుంచి మంచు పెళ్ల విరిగిన చప్పుడు, అందరూ ఒక్కసారి "హో" అనడం, అత్తగారు "ఏమైంది, ఏమైంది?" అనడం. జనాన్ని తప్పుకోమని అడగడానికి మాకు మొహమాటం. తెల్లవారుజాము నుంచి చలిలో నిలబడి ఆ చోటు దక్కించుకున్నవాళ్లు వాళ్లు.

కటకటాల దగ్గర, మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద కెమెరా బిగించుకున్న ఒక పొడుగాటి మనిషి వెనక్కి తిరిగాడు. అత్తగారిని చూశాడు. ఒక్క మాట మాట్లాడకుండా స్టాండు కాళ్లు ముడిచి, కెమెరా భుజాన వేసుకుని, అటూ ఇటూ ఉన్నవాళ్ల భుజాలు తట్టి దారి చేయించి, కుర్చీని తనే ముందుకు లాగాడు. కుర్చీ చక్రాలు కటకటాల అంచుకు తగిలాయి. ఈయన నొచ్చుకుని, మీ ఫోటోలు పోతాయి కదా అన్నారు. అప్పుడు చెప్పాడాయన. కొన్నేళ్ల కిందట తన తండ్రిని వీల్‌చైర్‌లో ఇదే చోటికి తీసుకొచ్చాడట. ఆయనకు ఆ రోజంతా మనుషుల వీపులు తప్ప ఏమీ కనపడలేదట. "ఆయన ఏమీ అనలేదు. బాగుంది, బాగుంది అన్నారు. నాకు తర్వాత తెలిసింది" అన్నాడు.

గోడలోంచి ఒక మేడంత ముక్క విడిపడి నీళ్లలో పడింది. పడ్డాక కాసేపటికి గాని చప్పుడు రాలేదు. అత్తగారు రెండు చేతులూ జోడించేశారు.

నడక బండి ఆవిడ, నర్సు, ఆపిల్స్ అబ్బాయి, ఈ కెమెరా మనిషి, అందరూ ఆ కష్టం ముందే పడ్డవాళ్లేనని నాకు అక్కడ తట్టింది. జాలితో చేసిన సాయంలో ఒక తికమక ఉంటుంది, ఏం కావాలి, ఎలా కావాలి అని అడుగుతుంటారు. వీళ్లెవరూ అడగలేదు. మా ఆయనకు ఆ మాట చెబుదామని చూస్తే ఆయన పక్కన లేరు. వెనక ఎక్కడో ఇంకో రెండు వీల్‌చైర్లు కనిపిస్తే, "ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ బ్యాంకు కౌంటర్ దగ్గర వరుస సరిచేసినట్టు జనాన్ని పక్కకు జరుపుతూ వాటిని ముందుకు తెస్తున్నారు. అందులో ఒకాయన రావడం ఇష్టం లేదు మొర్రో అంటున్నా వినలేదు.

చివరి రోజున ఖాతా వివరాలు చూసుకున్నాం. టిప్పులు, డాక్టర్ ఫీజు, వాంతి మాత్రలు, రైలు టికెట్లు. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి రిసెప్షన్‌కు వెళ్లారు. "ఆపిల్స్ రాయలేదు" అని. కౌంటర్ అమ్మాయి తెర మీద వెతికి, ఆపిల్స్‌కు ఏ కోడూ లేదండీ అంది. రోజూ ఇచ్చారమ్మా అని ఈయన. ఆ అమ్మాయి చివరికి నవ్వాపుకోలేక పక్క అమ్మాయిని పిలిచింది. ఏదో బాకీ మిగిలిపోయిన మనిషి మొహంతో తిరిగొచ్చి, కవరులో డబ్బు పెట్టి గది అబ్బాయి చేతికి ఇచ్చారు. ముందే టిప్పు కట్టేశాక ఇంకా ఇవ్వడం మా పెళ్లయినప్పటి నుంచీ నేను చూడలేదు.

నర్సు విషయం అత్తగారు తేల్చారు. ఎక్కడికెళ్లినా పెట్టెలో రెండు జాకెట్టు గుడ్డలు లేకుండా బయల్దేరరు ఆవిడ. ఆ సాయంత్రం ఎదురు గది తలుపు కొట్టించి, ఆవిడను మా గదిలో కూర్చోబెట్టి, నుదుట కుంకుమ పెట్టి, ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ మీద ఒక ఆపిల్ ఉంచి చేతిలో పెట్టారు. తమలపాకులు లేని లోటు పదేపదే చెప్పుకున్నారు. "అమ్మా, ఆ గుడ్డ ఆవిడ ఏం చేసుకుంటుంది?" అని ఈయన విసుక్కుంటూనే ఉన్నారు. డబ్బు తీసుకోదని నేను ఘంటాపథంగా చెప్పిన మనిషి, దాన్ని రెండు చేతులా అందుకుని, మడత విప్పి, మెడకు చుట్టి ముడేసుకుని, అలాగే బొట్టుతో సహా భోజనానికి వెళ్లింది.

విక్టోరియాలో అత్తగారు దిగనన్నారు. నేనూ ఆగిపోయాను. మా ఆయన ఒక్కరూ దిగి, రేవు గట్టు మీద కాసేపు అటూ ఇటూ నడిచి, వీసా ఖర్చు కొంతైనా గిట్టుబాటు చేసుకుని వచ్చారు.

కాకినాడ చేరాక నర్సు రాసిచ్చిన ఆ కాగితం మా డాక్టర్‌గారికి చూపించాం. మొదట ఎవరో డాక్టర్ రాశారనుకున్నారు. బీపీ మాత్ర మార్చి, వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున ఏది ఆపాలో, ఎప్పుడు తనకు ఫోను చేయాలో వేరే కాగితం మీద రాసిచ్చారు. ఆ వారమే సస్కాచెవాన్ నుంచి మెయిల్ వచ్చింది. ఓడ గురించి, మంచు గురించి ఒక్క ముక్క లేదు. "మాత్ర మార్చారా? కొత్తది పేరు రాయండి" అని ఉంది. రాశాను.